కంగారు మనిషి దగ్గర తాళంచెవి

మా వెనకింటి అంకుల్ పోయారు. ఆగస్టులో ఒక మంగళవారం తెల్లవారుజామున, నిద్రలోనే. ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ వార్త ఫోన్ చేసి చెప్పింది నేనే. ప్రతిసారీ అవతలివాళ్లు "నిద్రలోనా? పుణ్యాత్ముడు" అన్నారు. నేను "అవునండీ" అన్నాను. ఆయన ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంటుందని వాళ్లందరికీ తెలుసు. ఆ పొద్దున దాన్ని వాడటంలో నేను ఇరవై నిమిషాలు ఆలస్యం చేశానన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు ఇదే వచ్చింది. దీన్ని దాచి మిగతాది రాస్తే ఆయన ముందు అబద్ధమాడినట్టు ఉంటుంది. అందుకే రాసేశాను. ఇక మొదటినుంచీ చెబుతాను.

ఒకే డ్రైవ్‌వే మీద ముందు మా ఇల్లు, వెనక ఆయన చిన్న యూనిట్. మా వంటగది కిటికీకి ఎదురుగా ఆయన వంటగది కిటికీ. ఆయనది కర్నూలు. అక్కడ రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా కల్వర్టులూ, చిన్న చిన్న వంతెనలూ కట్టించారు. నలభై దాటాక భార్యాబిడ్డలతో ఇక్కడికొచ్చి, ఇంజనీరు ఉద్యోగం దొరక్క, సిటీ బస్సు నడిపారు. బాధ అనిపించలేదా అని ఒకసారి అడిగాను. "ఆడ రోడ్లు ఏసినాను, ఈడ రోడ్ల మీద తోలినాను. రెండూ రోడ్డు పనే కదమ్మా" అన్నారు. ఆంటీ పోయాక, కూతురు పెళ్లయి గంటన్నర దూరంలోని రోటోటూనా వెళ్లాక, ఆ యూనిట్‌లో ఒక్కరే ఉండేవారు. కూతురు రమ్మంటే "నా బస్సు స్టాపులన్నీ ఈడ్నే ఉన్నాయి" అనేవారు.

ఏ కట్టడంలోకి వెళ్లినా ఆయనకొక అలవాటు. ముందు గోడ మీద అరచెయ్యి ఆనిస్తారు. తర్వాత తలెత్తి పైకప్పు చూస్తారు. శాండ్రింగ్‌హామ్ పేటలో మనవాళ్ల కొట్టుకి బియ్యం బస్తా కొనడానికి వెళ్లినా అంతే. కొట్టువాడు పైన ఏం లీకవుతోందోనని కంగారుపడి తనూ చూసేవాడు. "బరువు యాడ దిగుతాందో చూసుకోవాలమ్మా. పైన ఎంతైనా ఉండనీ, కిందికి దారుంటే ఏం కాదు" అనేవారు అంకుల్.

నా సంగతి వేరు. నేను కంగారు మనిషిని. ఇస్త్రీపెట్టె ఆపానా, స్టవ్ ఆపానా, తలుపు వేశానా అని మూడేసిసార్లు తిరిగొచ్చి చూస్తేగానీ ఇల్లు వదలను. మా ఆయన రావడం పావుగంట ఆలస్యమైతే దారిలో ఎక్కడెక్కడ ఆస్పత్రులున్నాయో లెక్కేస్తూ కూర్చుంటాను. అలాంటిదాన్ని 2006లో ఫ్రాన్స్ వెళ్లాల్సి వచ్చింది. మా ఆయన్ని కంపెనీవాళ్లు రెండు నెలల పనిమీద టులూజ్ పంపారు. పదిహేను రోజులు నన్నూ రమ్మన్నారాయన. ఒక్కదాన్ని అంత దూరం విమానాలు మారి వెళ్లడమా అని నేను రెండు వారాలు నిద్రపోలేదు. ఆ గొడవంతా డ్రైవ్‌వేలో నిలబడి విన్న అంకుల్, "నేనూ వస్తా పా. నాకూ ఆ రాతి గుళ్లు, కోటలు చూడాలని ఎప్పట్నుంచో ఉంది" అన్నారు.

అలా ఇద్దరం బయల్దేరాం. మాకింకా ఇండియన్ పాస్‌పోర్టులే, వీసా కాగితాలు నేను నాలుగు సెట్లు జిరాక్సు తీయించి నాలుగు సంచుల్లో పెట్టాను. అంకుల్ తన కాగితాలు చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నారు. ఏ ఎయిర్‌పోర్టులోనూ ఆయన్నెవరూ ఆపలేదు. నన్ను మూడుచోట్ల ఆపారు.

మా ఆయనకి వారమంతా ఆఫీసు. అందుకని మా ఇద్దరికీ ఒక చిన్న అద్దెకారు తీసిచ్చారు. డ్రైవింగ్ అంకుల్ చేస్తారనే నేను ధైర్యంగా ఉన్నాను. పదకొండేళ్లు బస్సు నడిపిన మనిషి కదా. కానీ అక్కడ బళ్లు మనలా ఎడమపక్క కాదు, కుడిపక్క నడుస్తాయి. ఆయన తాళాలు నా చేతిలో పెట్టారు.

"నా చేతులకు ఎడమపక్క రోడ్డు బాగా అలవాటైపోయిందమ్మా. ఏమరపాటుగా ఉన్నప్పుడు అవి నా మాట వినవు. నీకు అలవాటేమీ లేదు, ఎప్పుడూ భయమే. ఈడ భయపడేవాళ్లే బాగా తోలతారు" అన్నారు.

"నాకు లైసెన్సు వచ్చి ఏడాదే అయిందండీ!"

"అందుకే నిన్ను తోలమంటున్నా. నేను పక్కన కూర్చుని 'కుడి, కుడి' అంటాంటా."

పదిహేను రోజులూ ఆయన పక్కసీట్లో కూర్చుని, ప్రతి మలుపులో బస్సు కండక్టరులా "కుడి, కుడి" అన్నారు. ఆక్లాండ్‌లో మా జపాన్ కారులో సిగ్నల్ లైటు మీట కుడిచేతి కింద ఉంటుంది. ఆ ఫ్రెంచి కారులో అక్కడ వైపర్ ఉంది. ప్రతి మలుపు దగ్గరా, ఎండ మండిపోతుంటే, నేను వైపర్లు వేసేదాన్ని. అంకుల్ ఒక్కసారీ నవ్వలేదు. "అద్దం శుభ్రంగా ఉండాల్లే" అని ఊరుకునేవారు. నాకేమో అరచేతులు చెమటపట్టి స్టీరింగ్ జారిపోయేది. ఎదురుగా లారీ వస్తే రోడ్డంచుదాకా జరిగి ఆగిపోయేదాన్ని.

రోడ్లు మాత్రం ఎంతో అందంగా ఉండేవి. రెండువైపులా పొద్దుతిరుగుడు చేలు, వాల్‌నట్ తోటలు. గుట్ట మీద ఒక ఊరు, ఊరు నెత్తిన ఒక కోట, దాని పక్కన గుడి గంటల గోపురం (చర్చిని అంకుల్ గుడి అనేవారు, నాకూ అదే అలవాటైంది). లేత తేనెరంగు రాయి. అంకుల్ ప్రతి ఊరి ముందూ కారు ఆపమనేవారు. ఏ గైడు పుస్తకంలోనూ లేని గుళ్లు ఆయనకి కావాలి. పెద్ద కెథెడ్రల్ దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల్లో బయటికొచ్చి, "ఇది రాజుగారి డబ్బు కట్టింది. ఊరోళ్లు కట్టింది చూద్దాం పా" అన్నారు.

ఒక కోటలో మెలికలు తిరిగిన రాతి మెట్లు. ఒక్క మనిషి పట్టేంత సందు. నేను నాలుగో మెట్టు మీదే ఆగిపోయాను. మీరు వెళ్లి రండి, నేను కింద ఉంటాను అన్నాను. ఆయన దిగొచ్చి నా చెయ్యి పట్టుకుని గోడకి ఆనించారు.

"ఈ గోడ మందం ఎంతుందో చూడు. నువ్వు చేతులు చాపినా చాలవు. ఇది కట్టించినోడు నీకంటే పెద్ద భయస్తుడు. భయం లేనోడు ఇంత గోడ ఎందుకు కట్టుకుంటాడు? ఆయప్ప భయం ఏడొందల ఏండ్లు నిలబడిందమ్మా. నీది సాయంత్రానికి పోతాది. ఎక్కు."

నేను ఎక్కాను. పైన ఏం చూశానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. గోడ చల్లదనం మాత్రం అరచేతికి ఇంకా గుర్తుంది.

ఇక ఆ గుడి సంగతి. డోర్డోన్ నదికి పైనున్న ఒక చిన్న ఊరు. మేం చేరేసరికి మధ్యాహ్నం పన్నెండుకి పావుగంట తక్కువ. ఆ పల్లెల్లో పన్నెండు కొట్టేసరికి ఊరంతా తలుపులు మూసి భోజనానికి కూర్చుంటుంది. రెండింటిదాకా కాకి కూడా కనపడదు. "నేను బ్రెడ్డు కొనుక్కొస్తాను, మీరు గుడి చూస్తూ ఉండండి, ఎక్కడికీ కదలకండి" అని చెప్పి వెళ్లాను. బ్రెడ్డు కొని, కారు పెట్టిన చోటు సరైనదో కాదో రెండుసార్లు చూసుకుని, తిరిగొచ్చేసరికి గుడి తలుపు తాళం వేసి ఉంది. అంకుల్ లేరు.

తలుపు బాదాను. అది ఏనుగు గుద్దినా చప్పుడు రాని తలుపు. లోపల్నుంచి జవాబు లేదు. బస్సు ఇంజను పక్కన అన్నేళ్లు కూర్చోవడంతో ఆయనకి చెవి కాస్త మందం. గుడి వెనక్కి పరిగెత్తాను. కోట దగ్గరికి పరిగెత్తాను, అదీ మూసేశారు. ఆయనకి షుగరు. మాత్రలూ బిస్కెట్లూ నా సంచిలోనే ఉన్నాయి. ఆయన దగ్గర ఫోను లేదు. ఏ కొండ అంచునో కళ్లు తిరిగి పడిపోయారేమో అనుకున్నాను. ఈయన కూతురికి నేనేం చెప్పాలి అనుకున్నాను. నా పిచ్చి కాకపోతే, శవాన్ని ఆక్లాండ్ తీసుకెళ్లడానికి ఎన్ని కాగితాలు కావాలో కూడా ఆలోచించాను. వీధిలో ఒక్క మనిషి లేడు. మూసిన కిటికీల వెనక స్పూన్లు, గిన్నెల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

చివరికి గుడి తలుపు పక్కన చిన్న చీటీ కనిపించింది. దాని కింద ఎవరో తాళంచెవి బొమ్మ గీసి, ఎదురింటి వైపు బాణం గుర్తు పెట్టారు. ఎదురింటి నీలం తలుపు కొట్టాను. డెబ్బై దాటిన ఒక ముసలమ్మ, మెడలో నాప్‌కిన్‌తోనే తలుపు తీసింది. నేను తెలుగులో ఏడ్చాను. ఆవిడకి ఏం అర్థమైందోగానీ, మేకుకి వేలాడుతున్న జానెడు ఇనప తాళంచెవి తీసుకుని నాకంటే ముందు పరిగెత్తింది.

తలుపు తెరిచేసరికి, అంకుల్ గుడి మధ్యలో నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. అరిచాను. ఆయన తల తిప్పి, నిమ్మకు నీరెత్తినట్టు, "వచ్చినావా? ఇట్ల పండుకో. నిలబడితే కనపడదు. నాలుగు కమానుల బరువూ ఆ మూల స్తంభం ఒక్కటే ఎట్ల మోస్తాందో చూడు" అన్నారు.

కర్నూల్లో కల్వర్టుల కింద అలాగే పడుకుని చూసేవారట. బెంచీల మధ్య నేలమీద ఉండేసరికి ముసలమ్మకి కనపడలేదు. ఆవిడ తొంగిచూసి, ఎవరూ లేరనుకుని తాళం వేసింది. తాళం వేసిన చప్పుడు ఆయనకి వినపడలేదు. తర్వాత తలుపు మూసి ఉండటం చూసి, "రెండింటికి తీస్తార్లే" అని మళ్లీ పడుకున్నారు. పక్కనే గంట తాడు వేలాడుతోంది.

"ఆ గంటైనా కొట్టొచ్చు కదండీ!" అని గట్టిగా అరిచాను. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దాయన మీద నేను అరవడం అదే మొదలు, అదే చివర.

"అందరూ అన్నం తింటాంటే గంట కొట్టేదేందమ్మా? ఊరంతా లేచి వచ్చింటుంది" అన్నారు.

నేను అక్కడే బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ముసలమ్మ మా ఇద్దర్నీ తన ఇంటికి తీసుకెళ్లి వేడి సూపూ బ్రెడ్డూ పెట్టింది. అంకుల్ మాత్ర వేసుకుని తిన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన బల్ల మీద బ్రెడ్డు ముక్కల్ని కమానులా నిలబెట్టి చూపిస్తే, ఆవిడ తలూపి మధ్య ముక్కని సరిచేసింది.

భోజనం అయ్యాక మేం కారు ఎక్కుతుంటే ఆవిడ గుడికి మళ్లీ తాళం వేసింది. నాలుగడుగులు నడిచి, తిరిగొచ్చి లాగి చూసింది. ఇంటి గుమ్మందాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసింది. ఆవిడ మూడోసారి కూడా వస్తుందని నాకు ముందే తెలుసు. వచ్చింది. అంకుల్ కారు కిటికీలోంచి అదంతా చూశారు. ఊరు దాటాక అన్నారు.

"ఈ ఊర్లో తెలివైనోళ్లమ్మా. తాళంచెవి పెద్దమనిషికి ఇయ్యలేదు, నిదానస్తునికి ఇయ్యలేదు. కంగారు మనిషికి ఇచ్చినారు. నాలాంటోనికిస్తే యాడో పెట్టి మర్చిపోతాడు."

ఆక్లాండ్ తిరిగొచ్చిన వారం రోజులకి ఆయన మా గుమ్మంలో నిలబడి ఒక తాళంచెవి ఇచ్చారు. అంతవరకూ ఆయన స్పేర్ తాళంచెవి ఎక్కడుందో ఆయనకే తెలియదు. "మేకు కొట్టి తగిలించుకో" అన్నారు. వంటగది కిటికీ పక్కనే మేకు కొట్టాను. అప్పట్నుంచీ ఒక ఏర్పాటు. రోజూ ఏడింటికల్లా ఆయన వంటగది కిటికీకున్న తెర, బ్లైండ్, పైకి లేస్తుంది. లేవకపోతే నేను వెళ్లాలి. నా జీవితంలో నా కంగారుని తప్పు పట్టకుండా, దానికి ఒక పని చెప్పిన మనిషి ఆయనొక్కరే. దానికి నేను ఆయనకి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మనవాళ్లకి అలా చెప్పడం అలవాటు లేదు కదా.

మూడేళ్లలో నేను రెండుసార్లు తాళం తీసుకుని పరిగెత్తాను. మొదటిసారి ఆయన పొద్దున్నే పాపకూర అనే పేటలో ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లిపోయారు. బ్లైండ్ తీయడం మర్చిపోయారు. రెండోసారి, మొన్న జూలైలో, నేను తలుపు తోసుకుని వెళ్లేసరికి ఆయన తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి వస్తున్నారు. "కంగారు తల్లీ, నన్ను నీళ్లైనా పోసుకోనిస్తావా?" అని నవ్వారు. ఆయన నవ్వినందుకు కాదు, నా మీద నాకే సిగ్గేసింది. వీధి చివర డైరీకి, అంటే ఇక్కడి చిన్న కిరాణాకొట్టుకి, పాలకోసం వెళ్తే అది నడిపే గుజరాతీ అమ్మాయికి కూడా ఈ కథ తెలిసిపోయి ఉంది. అందరూ నవ్వారు.

అందుకే ఆ మంగళవారం ఏడు దాటినా బ్లైండ్ లేవకపోతే, మేకు మీది తాళంచెవి చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయాను. వాన పడుతోంది. మళ్లీ నవ్వులపాలు కావడం ఎందుకు, ఒక్కరోజైనా మామూలు మనిషిలా ఉందాం అనుకున్నాను. తాళంచెవి కోటు జేబులో వేసుకుని ఆఫీసుకి బయల్దేరాను. రౌండ్అబౌట్ దాకా వెళ్లాను. అక్కడ ఒకప్పుడు ఆయన నడిపిన రూటు బస్సు వచ్చి నా ముందు ఆగింది. ఇక ఉండలేకపోయాను. కారు తిప్పుకుని వచ్చాను. తాళం తీశాను. ఆయన పక్కమీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నట్టే ఉన్నారు.

మూడు, నాలుగు గంటల మధ్య పోయి ఉంటారని డాక్టరు చెప్పాడు. ఏడింటికి వెళ్లినా, ఏడూ ఇరవైకి వెళ్లినా ఒకటేనని నాకూ తెలుసు. కానీ వెళ్లేటప్పుడు నాకది తెలియదు కదా. ఆయన నాకిచ్చింది ఒక్క పని. దాన్ని, నవ్వుతారని భయపడి, వాయిదా వేశాను.

పదమూడో రోజు అందరూ వెళ్లిపోయాక ఆయన వంటగదిలో నేనూ, ఆయన కూతురూ కప్పులు కడుగుతున్నాం. చెప్పకపోతే ఈ తాళంచెవిని ఆ అమ్మాయి చేతిలో పెట్టలేననిపించింది. చెప్పేశాను. బ్లైండ్, వాన, రౌండ్అబౌట్, అన్నీ.

ఆ అమ్మాయి కుళాయి కట్టేసింది. "డాక్టర్ త్రీ ఓ క్లాక్ అన్నాడు కదక్కా" అంది.

"తెలుసమ్మా."

"తెలిసినా తగ్గట్లేదు కదా?"

"లేదు."

"నాకూ తగ్గట్లేదక్కా. సండే నాన్న ఫోన్ చేస్తే, పిల్లలకి స్విమ్మింగ్ ఉందని మధ్యలో కట్ చేశాను. మళ్లీ చేస్తానన్నాను. చెయ్యలేదు."

మిగిలిన కప్పులు కడిగేశాం. తర్వాత నేను తాళంచెవి తీసి గట్టు మీద పెట్టాను. ఆ అమ్మాయి తడి చేత్తోనే దాన్ని మళ్లీ నా వైపు జరిపింది. "ఇల్లు ఏం చెయ్యాలో మేమింకా డిసైడ్ కాలేదు. అంతవరకు మీ దగ్గరే ఉండనీ. పొద్దున బ్లైండ్ ఒక్కటి తీస్తారా? మూసుంటే ఎట్లనో ఉంటుంది" అంది.

మర్నాడు ఏడింటికి వెళ్లాను. ఆ వంటగదిలోకి ఎన్నోసార్లు వెళ్లాను గానీ, ఎప్పుడూ ఆయన్నే చూశాను, ఆయన కిటికీలోంచి బయటికి చూడలేదు. బ్లైండ్ పైకి లాగాను. ఎదురుగా మా వంటగది మొత్తం లైటు వెలుగులో కనిపించింది. మేకు కనిపించింది. నేను మూడేసిసార్లు తిరిగొచ్చి చూసుకునే స్టవ్ కనిపించింది. ఇటువైపు కిటికీ పక్కన ఆయన కుర్చీ మా ఇంటివైపే తిరిగి ఉంది. కిటికీ అంచు చెక్క మీద టీకప్పు గుండ్రటి మరకలు, ఒకదాని మీద ఒకటి, మూడేళ్లవి.

కుర్చీని కదపలేదు. మరకలు తుడవలేదు. బయటికొచ్చి తాళం వేశాను. నాలుగడుగులు నడిచి, తిరిగొచ్చి, తలుపు ఒకసారి లాగి చూశాను.